ఇంట్లో వాగుడుకాయ, బడిలో మౌనం

సెలెక్టివ్ మ్యూటిజం ఆందోళనకు సంబంధించిన మానసిక రుగ్మత. ఇది ఉన్న పిల్లలకు మాట వచ్చు, భాష వచ్చు, చెప్పాలన్న కోరికా ఉంటుంది. ఇంట్లో అమ్మతో, తమ్ముడితో గలగలా మాట్లాడతారు. బడిలోనో, చుట్టాల ముందో, దుకాణంలోనో ఆ గొంతే పెగలదు. ఎప్పుడో ఒకసారి కాదు, ఫలానా చోట, ఫలానా మనుషుల ముందు ప్రతిసారీ అంతే. అమెరికా మనోవైద్యుల సంఘం ప్రచురించే ప్రమాణ గ్రంథం ప్రకారం ఈ స్థితి కనీసం నెల రోజులు కొనసాగాలి, బడిలో చేరిన మొదటి నెలను లెక్కలోకి తీసుకోకూడదు. చదువుకో, నలుగురితో మెలగడానికో అది అడ్డు కావాలి. అక్కడి భాష రాక ఊరకుండిపోయే పిల్లలు దీని కిందికి రారు. సాధారణంగా ఐదేళ్లలోపే మొదలవుతుంది గానీ బడిలో వేసేదాకా బయటపడదు. ఎంతమందికి ఉంటుందన్నదానిపై అధ్యయనాల లెక్కలు పదివేలమందిలో ముగ్గురి నుంచి నూటికి ఒకరి దాకా ఉన్నాయి. మగపిల్లల కంటే ఆడపిల్లల్లో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది.

కథలోనో నవలలోనో ఇలాంటి పాత్రను, అందులోనూ పద్నాలుగు పదిహేనేళ్ల పాత్రను రాయాలనుకునేవారికి అసలు చిక్కు ఈ ‘ఫలానా చోటు’ దగ్గరే వస్తుంది. మూగ పాత్ర అన్ని చోట్లా మూగే. ఈ పాత్ర అలా కాదు. గుమ్మానికి ఇటు ఒక మనిషి, అటు ఇంకొక మనిషి. పుట్టుమూగ పాత్రలు తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. 1976లో కె. విశ్వనాథ్ తీసిన ‘సిరిసిరిమువ్వ’లో జయప్రద వేసిన నాట్యకత్తె పాత్ర అలాంటిదే. ఆ పాత్ర మీది సానుభూతి మొదటి నిమిషం నుంచీ సులువుగా దొరుకుతుంది, ఎందుకంటే ఆమె మాట్లాడలేదని ఊరందరికీ తెలుసు. సెలెక్టివ్ మ్యూటిజం ఉన్న పిల్లకు ఆ సానుభూతి దక్కదు. నిన్న మేడ మీద తమ్ముణ్ణి తిట్టిపోస్తుండగా పక్కింటావిడ విన్నది. ఇవాళ అదే ఆవిడ ‘పేరేంది బిడ్డా’ అని అడిగితే బెల్లంకొట్టిన రాయిలా నిలబడింది. ఇక ఆవిడ ఏమనుకోవాలి? పొగరనుకుంటుంది.

వైద్యులు కూడా చాలాకాలం అదే అనుకున్నారు కాబట్టి పక్కింటావిడను తప్పుపట్టి లాభం లేదు. 1877లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్మాల్ ఈ లక్షణాన్ని గుర్తించి, మనిషి తనంతట తానే మాట మానుకోవడమన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1934లో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు మోరిట్స్ ట్రామర్ దీన్ని ‘ఎలెక్టివ్ మ్యూటిజం’ అన్నాడు. అందులోనూ పిల్లలే మౌనాన్ని ఎంచుకుంటున్నారన్న భావన ఉంది. ఇప్పటి పేరు 1994లో వచ్చింది. 2013లో వెలువడిన ఆ అమెరికా ప్రమాణ గ్రంథం అయిదో కూర్పులో దీన్ని ఆందోళన రుగ్మతల సరసన చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో వర్గీకరణ కూడా అదే దారి పట్టింది. అంటే ఈ పిల్లల సమస్య మంకుతనం కాదు, భయమేనన్న మాట వైద్య గ్రంథాల్లో స్థిరపడి ఎన్నో ఏళ్లు కాలేదు.

కథకులు తరచూ చేసే పొరపాటు దీనికి వ్యతిరేక దిశలో ఉంటుంది. పిల్ల మాట్లాడడం లేదంటే గతంలో ఏదో ఘోరం జరిగి ఉండాలని, ఆ రహస్యం చివరి అధ్యాయంలో బయటపడాలని అల్లుతారు. అలాంటి మౌనం వేరే ఉంది. అమెరికన్ రచయిత్రి మాయా ఏంజెలూ 1969లో ప్రచురించిన ఆత్మకథలో చిన్నతనంలో అత్యాచారానికి గురైన తర్వాత ఏళ్ల తరబడి మాట మానేసిన సంగతి రాసింది. దెబ్బ తగిలాక మాట పోవడం అది. సెలెక్టివ్ మ్యూటిజంలో చాలామందికి అలాంటి దెబ్బ ఏదీ ఉండదు. పుట్టుకతో వచ్చిన బెరుకు స్వభావం, ఇంట్లో ఇంకెవరికో ఉన్న ఆందోళన, కొందరిలో ఉచ్చారణ లోపమో మాట ఆలస్యమో, ఇలా అన్నీ కలిసి దారితీస్తాయి. రహస్యం లేని చోట రహస్యాన్ని నాటితే కథ రక్తి కట్టవచ్చు గానీ, పాత్ర మాత్రం ఇంకెవరో అవుతుంది. పైగా అలాంటి పిల్లలున్న ప్రతి ఇంటినీ పాఠకులు అనుమానంగా చూడడం మొదలుపెడతారు.

నిజ జీవితంలో ఎక్కువమందికి తెలిసిన ఉదాహరణ వేల్స్‌లో పెరిగిన కవలలు జూన్, జెన్నిఫర్ గిబ్బన్స్‌లది. 1963లో పుట్టిన ఈ అక్కాచెల్లెళ్లది బార్బడోస్ నుంచి బ్రిటన్‌కు వలస వచ్చిన కుటుంబం. ఊరిలో నల్లవాళ్లు లేరనే చెప్పాలి, బడిలో తోటిపిల్లలు వేధించేవారు. ఇద్దరూ తమలో తాము తప్ప దాదాపు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. కానీ గదిలో కూర్చుని డైరీలు, కథలు, నవలలు రాశారు. జూన్ రాసిన ఒక నవల ఆమె ఇరవై ఏళ్లలోపే అచ్చయింది కూడా. తర్వాత నేరాలకు పాల్పడి బ్రాడ్‌మూర్ మానసిక ఆసుపత్రిలో 11 ఏళ్లు గడిపారు. పాత్రికేయురాలు మార్జరీ వాలెస్ 1986లో వారి మీద పుస్తకం రాసింది. వాళ్ల కథలోని నేరం, ఆసుపత్రి అసాధారణమైనవి, వాటిని ప్రతి పాత్రకూ అంటగట్టకూడదు. అయితే వలస, కొత్త ఊరు, బయట మూసుకున్న నోరు, లోపల ఆగకుండా సాగే రాత అనే నాలుగూ రచయితకు పనికొచ్చేవే.

తెలుగు రచయిత ఇలాంటి పాత్రను సూరత్‌లో పెట్టి చూడవచ్చు. తెలంగాణ పల్లెల్లో చేతిమగ్గం చితికిపోతున్న కొద్దీ కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు భివండి, షోలాపూర్, ముంబయిలతో పాటు సూరత్‌కూ వెళ్లారు. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు వాళ్ల ఇళ్లున్నాయి. మగవాళ్లు మరమగ్గాల ఖాతాల్లో (కార్ఖానాల్లో) పన్నెండేసి గంటల పాళీలు (షిఫ్టులు) చేస్తారు. చాలా ఇళ్లలో ఆడవాళ్లు చీరల మీద రాళ్లంటించడం, దారాలు కత్తిరించడం వంటి పనులు ఇంటి దగ్గరే చేస్తారు. పక్కిళ్లలో ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీవాళ్లు, ఒడిశావాళ్లు, ఉత్తరప్రదేశ్‌వాళ్లు ఉంటారు. వీధిలో హిందీ, ఆఫీసుల్లో గుజరాతీ. నగరపాలక సంస్థ బడులు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగు మాధ్యమంలోనూ నడుస్తాయి.

ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్ల నోరు విప్పకపోతే ‘భాష రాదు పాపం’ అని సరిపెట్టుకోవడం తేలిక. కొత్త భాషలో పడిన చిన్నపిల్లలు కొన్ని నెలలు వింటూ ఊరుకోవడం సహజమే. అది రోగం కాదు, మెల్లగా పోతుంది. ఇజ్రాయెల్‌లో 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో సెలెక్టివ్ మ్యూటిజం మొత్తం పిల్లల్లో ఒక శాతం కంటే తక్కువగా, వలస కుటుంబాల పిల్లల్లో రెండు శాతం పైచిలుకుగా తేలింది. కాబట్టి వలస ఇంట్లో ఈ రెండు మౌనాలూ ఒకదాని వెనక ఒకటి దాక్కునే ప్రమాదం ఉంది. వాటిని విడదీసి చూపించే సన్నివేశం కథకుడికి చేతికందేంత దూరంలోనే ఉంది. ఎండాకాలం సెలవుల్లో ఆ పిల్లను కరీంనగర్ తీసుకెళితే చాలు. అక్కడ అందరిదీ తెలుగే. మేనత్త ముద్దుగా పలకరిస్తుంది. అయినా పిల్ల గొంతు తెరుచుకోదు. భాష అడ్డు కాదని తల్లికి తెలిసే క్షణం అదే. ఆ సంగతి ఆమె మొగుడికి ఎప్పుడు చెబుతుంది, అసలు చెబుతుందా అన్నది రచయిత ఇష్టం.

సూరత్‌లో ఈ పాత్రకు మరో సౌలభ్యం ఉంది. మరమగ్గాల ఖాతాలో అందరూ సగం మూగవాళ్లే. సాంచాలు (మరమగ్గాలు) ఆడుతున్నంతసేపూ పక్కవాడి మాట వినబడదు. పోగు తెగిందన్నా, కండె అయిపోయిందన్నా చేతి సైగలే, లేదంటే చెవిలో అరుపు. నాయినకు అన్నం డబ్బా తీసుకెళ్లిన పిల్ల అక్కడ ఎవరితోనూ మాట్లాడకపోయినా ఎవరికీ తేడా తెలియదు. పైగా మోతలో తన గొంతు ఎవరికీ చేరదన్న ధీమాతో ఆమె నాయిన చెవిలో ఏదైనా చెప్పగలదు కూడా. ఊరంతటిలో అత్యంత రొద ఉన్న చోటే ఆమె మాటకు చాటు అవుతుంది. ఇక రాత్రి పాళీ చేసి వచ్చిన నాయిన పగలు నిద్రపోతుంటే ఇంట్లో పిల్లలందరూ గుసగుసలతోనే గడపాలి. ఇవేవీ రుగ్మతకు కారణాలు కావు. అది ఏళ్లపాటు ఎవరి కంటా పడకుండా ఉండడానికి మాత్రం బాగా తోడ్పడతాయి. నోట్లో నాలుక లేని ఆడపిల్లను మెచ్చుకునే అలవాటు సరేసరి.

పాత్రను రాయడానికి ముందు ఆమె మౌనానికి హద్దులు గీసుకోవాలి. ఎవరితో, ఎక్కడ, ఎవరు వింటుండగా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు తేల్చుకోవాలి. చీరల మీద రాళ్లంటిస్తూ తల్లితో పోట్లాటలాంటి కబుర్లు చెబుతుంది. చీరల మూట తెచ్చే మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే వాక్యం మధ్యలో తెగుతుంది. ఇల్లు అదే, తల్లి అదే, మారింది వింటున్న చెవి. బడిలో ఒక స్నేహితురాలి చెవిలో మాత్రం గుసగుసలాడుతుంది, మూడో పిల్ల దగ్గరికొస్తే అదీ ఆగిపోతుంది. హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తుతుంది. మూత్రానికి వెళ్లాలని అడగలేక సాయంత్రం దాకా ఓర్చుకుంటుంది, అందుకని బడిలో నీళ్లు తాగదు. దెబ్బ తగిలినా ఏడుపు గొంతు దాటదు. కొందరికి నలుగురి ముందు తినడం కూడా కష్టమే. ఈ హద్దులు ఒకసారి గీసుకున్నాక రచయిత వాటికి కట్టుబడి ఉండాలి. కథ నడవడానికి అవసరమైన చోటల్లా ఆమె చేత నాలుగు ముక్కలు పలికించి, అవసరం తీరాక మళ్లీ నోరు మూయించే రచయితను పాఠకుడు క్షమించడు.

భయం శరీరంలో ఎలా ఉంటుందో కూడా తెలిసి రాయాలి. సినిమాల్లో భయమంటే వణుకు, చెమట. ఈ పిల్లల్లో అది తరచూ బిగుసుకుపోవడంగా కనబడుతుంది. ముఖంలో కదలిక ఉండదు, లేదా ఒక అతికించిన నవ్వు ఉంటుంది. చేతులు పక్కకు అతుక్కుపోతాయి. తల ఊపడానికీ, వేలు చూపడానికీ మామూలు కంటే ఎక్కువసేపు పడుతుంది. చూసేవాళ్లకు అది లెక్కలేనితనంలా అనిపిస్తుంది. లోపల జరుగుతున్నది వేరు. జవాబు సిద్ధంగా ఉంది, వాక్యం కూర్చి కూడా ఉంది, గొంతు దగ్గర ఆగిపోయింది. మాట్లాడకూడదని ఆమె నిర్ణయించుకున్నట్టు ధ్వనించే వాక్యం ఒక్కటి పడినా పాఠకుడు పక్కింటావిడ పక్షం చేరిపోతాడు.

అందుకే కథ ఎవరి కంటితో చెప్పాలన్నది ఇక్కడ మామూలు కంటే పెద్ద ప్రశ్న. ఆమే చెబితే ఆ లోపలి గొంతు చమత్కారంగా, కొంటెగా, అవసరమైతే నోటిదురుసుగా ఉండవచ్చు. బయట మౌనంగా ఉండేవాళ్లంతా లోపల సాధువులన్న నియమం లేదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న సామెతకు సరిపోయే పిల్లలు వీళ్లలో చాలామందే ఉన్నారు. తమ్ముడి కంటితో చెబితే అనుబంధంతో పాటు విసుగు కూడా కథలోకి వస్తుంది, ఎందుకంటే దుకాణంలో, బడిలో, డాక్టరు దగ్గర అక్క తరఫున మాట్లాడాల్సింది వాడే. ఇక ప్రక్రియ సంగతికొస్తే, ఈ మౌనం రాయడం అన్నిటికంటే కష్టమయ్యేది రేడియో నాటకంలో. అయిదు సెకన్లు ఏ చప్పుడూ రాకపోతే శ్రోత స్టేషను పోయిందనుకుని ముల్లు తిప్పుతాడు. అక్కడ మౌనాన్ని చుట్టూ ఉన్న చప్పుళ్లతోనే వినిపించాలి. టీచరు రెండోసారి అడగడం, వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమనడం, కుర్చీ జరిగిన శబ్దం, పాఠం తిరిగి మొదలవడం.

ఆ తరగతి సన్నివేశంలోనే ఈ రుగ్మత ఎందుకు వదలదో కూడా ఉంది. టీచరు ప్రశ్న వేస్తుంది. పిల్లకు ఆందోళన పెరుగుతుంది, నోరు పెగలదు. చూడలేక పక్కనున్న స్నేహితురాలు జవాబు చెబుతుంది, లేదా టీచరే ఇంకొకరిని అడుగుతుంది. పిల్లకు ఊరట, టీచరుకు ఊరట, స్నేహితురాలికి మంచిపని చేశానన్న తృప్తి. మాట్లాడకపోతే భయం తగ్గుతుందని పిల్ల శరీరం ఇంకోసారి నేర్చుకుంది. ఇది రోజుకు పదిసార్లు, ఏళ్ల తరబడి జరిగితే మౌనం పాతుకుపోతుంది. ఇందులో దుర్మార్గులు లేరు. ప్రేమగా సాయపడే తమ్ముడు కూడా ఆ మౌనానికి ఒక గుంజే. ప్రతినాయకుణ్ణి వెతికే రచయితకు ఇది నిరాశ కలిగించవచ్చు గానీ, నవలకు ఇంతకంటే మంచి ముడి దొరకదు.

నాలుగేళ్ల పిల్ల మౌనంగా ఉంటే సిగ్గంటారు. పద్నాలుగేళ్ల పిల్ల విషయంలో ఆ మాట చెల్లదు. అప్పటికి పదేళ్లుగా ఆమె ‘మాట్లాడని పిల్ల’గా పేరుపడి ఉంటుంది. ఒక్కరోజు నోరు విప్పితే తరగతి మొత్తం వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ చూపు మౌనం కంటే భయంకరం. ఈ వయసులో దీనికి తోడుగా నలుగురిలోకి వెళ్లాలంటే భయం కూడా స్థిరపడుతుంది. ఫోన్ మోగితే ఎత్తదు. అదే ఫోన్‌లో వాట్సాప్ సందేశాలు వరదలా పంపుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ 14416 నంబరుకు తల్లి ఫోన్ చేయగలదు గానీ, పిల్ల చేయలేదు. సాయం అడగడానికే గొంతు కావాలి, ఆ గొంతే కదా సమస్య.

పండగ సన్నివేశాలు కూడా ఈ వయసుకే బాగా అతుకుతాయి. సూరత్‌లో నవరాత్రుల్లో గర్బా, తెలుగువాళ్ల బతుకమ్మ దాదాపు ఒకే రోజుల్లో పడతాయి. గర్బాలో మాట అక్కర్లేదు, పాట మైకులో వస్తుంది, అడుగు కలిపితే చాలు. అక్కడ ఆమె అందరిలో ఒకతె, బహుశా అందరికంటే బాగా ఆడుతుంది కూడా. బతుకమ్మ దగ్గర ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లంతా గొంతు కలపాలి. ఆమె చప్పట్లు తప్పదు, అడుగు తప్పదు, పెదవులు కూడా కదుపుతుంది. పక్కనున్న పెద్దమ్మకు మాత్రం ఆ వైపు నుంచి పాట రావడం లేదని తెలుసు.

మలుపు కోసం రచయిత ప్రమాదాలను కల్పించనవసరం లేదు. గుజరాత్‌లో ప్రాథమిక బడి ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. తొమ్మిదికి వేరే బడి, బహుశా వేరే మాధ్యమం. ఆమె గురించి ఏమీ తెలియని మనుషులు. భయపెట్టే ఆ మార్పే ఒక అవకాశం కూడా అంటారు ఈ రంగంలో పనిచేసేవాళ్లు. ఆమె మాట్లాడదని అక్కడ ఎవరికీ తెలియదు, కాబట్టి మాట్లాడితే ఆశ్చర్యపోయేవాళ్లూ లేరు. ఆ మొదటి రోజు, మొదటి గంటలో ఏం జరుగుతుందన్నది ఒక అధ్యాయానికి సరిపడా కథ.

నడిచే రైలు కింద తమ్ముడు పడబోతుంటే అక్క గొంతు చించుకుని అరవడం, అక్కడితో రోగం కుదిరిపోవడం వెండితెరకు అలవాటైన ముగింపు. ఇక్కడ అది పనికిరాదు. భయం వల్ల మూసుకున్న గొంతు ఇంకా పెద్ద భయంతో తెరుచుకుంటుందనడానికి ఆధారం లేదు. ఒకవేళ అరిచినా మర్నాడు తరగతిలో హాజరు పలుకుతుందనీ లేదు. చాక్లెట్టు ఇస్తామని ఊరించడం, మాట్లాడేదాకా నిలబెట్టడం, నలుగురిలో ‘చూశారా, మాట్లాడింది’ అని చప్పట్లు కొట్టించడం కూడా బెడిసికొట్టేవే.

నిజంగా పనిచేసే పద్ధతి చూడడానికి చప్పగా ఉంటుంది. బడి వదిలాక ఖాళీ తరగతి గదిలో తల్లీకూతుళ్లు మాత్రమే కూర్చుని ఏదైనా చదువుకుంటారు, ఆట ఆడతారు. పిల్ల గొంతు ఆ గదిలో మామూలుగా పలకడం మొదలయ్యాక టీచరు వరండాలో, తర్వాత గుమ్మం దగ్గర, తర్వాత గదిలో దూరంగా ఏదో పని చేసుకుంటూ కనబడుతుంది. మెల్లగా ఆటలో చేరుతుంది. తల్లి ఒక్కొక్క అడుగే వెనక్కి తగ్గుతుంది. మ్యాగీ జాన్సన్, ఆలిసన్ వింట్‌జెన్స్ 2001లో బ్రిటన్‌లో వెలువరించిన కరదీపిక ఇలాంటి క్రమాన్ని విపులంగా చెబుతుంది. పెద్దపిల్లల విషయంలో ఈ మెట్లను వాళ్లతో కలిసే నిర్ణయించుకోవాలి, వాళ్లకు తెలియకుండా పన్నినవి పనిచేయవు. ఇంట్లో రికార్డు చేసిన తన గొంతును స్నేహితురాలికి పంపడం ఒక మెట్టు కావచ్చు. అవసరమైతే మనోవైద్యులు ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు కూడా వాడతారు. సూరత్‌లో న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ వైద్య కళాశాల స్మీమెర్ వంటి పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. చీటీ రాయించుకునే వరసలో పిల్ల పేరు, వయసు అడిగితే జవాబు చెప్పేది మళ్లీ తమ్ముడే కావచ్చు.

ఒక టీచరుతో మాట కుదిరినంత మాత్రాన రెండో టీచరుతో దానంతటదే కుదరదు. ప్రతి కొత్త మనిషి, ప్రతి కొత్త గది మళ్లీ ఒక మెట్టే. చిన్నప్పుడు ఈ రుగ్మత ఉన్నవారిని పెద్దయ్యాక పరిశీలిస్తే, చాలామందిలో మౌనం పోయినా నలుగురిలో బెరుకు మిగిలే ఉందని తేలింది. ఒక విద్యాసంవత్సరం పాటు నడిచే నవలలో ఇంతకు మించి జరగనవసరం లేదు. మార్చి నెల వచ్చేసరికి ఆ అమ్మాయి తరగతిలో హాజరు పలకగలిగి, మందుల దుకాణంలో కావలసింది అడిగి తెచ్చుకోగలిగి, ఫోన్ మాత్రం ఇంకా ఎత్తలేకపోతుంటే, వైద్యులు చూసిన వాస్తవానికి ఆ ముగింపు దగ్గరగానే ఉంటుంది.